సబ్బు వాసన వేసే మలుపు

ఆ కొండదారిలో మూడో మలుపుకి మంచి పేరు లేదు. పొద్దు వాలాక అక్కడ బండి ఆపకూడదని డ్రైవర్లందరికీ తెలుసు. మనం ఆపకూడదనుకుంటే మాత్రం బండి ఆగకుండా ఉంటుందా? అదే కదా అసలు గొడవ! కింద ఊళ్లోంచి హాయిగా బయల్దేరి, చదును దారంతా ఒక్క పరుగున వచ్చిన బండి, సరిగ్గా అక్కడికి చేరేసరికి పొగలు కక్కుతూ నిలబడిపోతుంది. మూత తీసి చూస్తే రేడియేటర్‌లో చుక్క నీరుండదు.

మరి ఆ నీళ్లు ఎవరు తాగినట్టు...?

ఎవరినడిగినా ఒకటే జవాబు. ఏడాది కిందట అక్కడ ఒక వ్యాను డ్రైవరు పోయాడు. అతని బండీ అలాగే ఉడికి ఆగిపోయిందట. ఖాళీ డబ్బా పట్టుకుని, అవతలి వైపు ఊట దగ్గరికని రోడ్డు దాటుతుంటే, మలుపు తిరిగిన లారీ గుద్దేసింది. డబ్బా ఖాళీగానే దొర్లిపోయింది. ఆ దాహం తీరక, వచ్చే పోయే బండ్లలో నీళ్లు తాగేస్తున్నాడని చెప్పుకుంటారు.

ఇంకో మాట కూడా ఉంది. వాడొచ్చే ముందు సబ్బు వాసన వేస్తుందట... మామూలు బట్టల సబ్బు. ఒకడు చెబితే వాడికేదో భ్రమ అనుకోవచ్చు. పాల బండివాడు చెప్పాడు, ఇసుక లారీవాడు చెప్పాడు, పెళ్లిళ్లకి కుర్చీలు తోలేవాడూ చెప్పాడు. "అప్పుడే ఉతికిన చొక్కా వేసుకుని ఎవరో పక్కన నిలబడ్డట్టు ఉంటుందిరా" అని ముగ్గురిదీ ఒకటే మాట.

విన్నవాళ్లు భయపడతారు, ఇంటికెళ్లి ఇంత తిని పడుకుంటారు. ఒక్క మనిషికి మాత్రం ఆ మాటలు విన్న రాత్రి కన్ను మూతపడదు. అందరికీ దెయ్యమైనవాడు ఆవిడకి మొగుడు మరి.

ఆవిడని ఊళ్లో రొట్టెలక్క అంటారు. బేకరీ నుంచి రొట్టెలు, బన్నులు వ్యానులో వేసుకుని కొండ మీది దుకాణాలకి చేరుస్తుంది. మొగుడున్నప్పుడు ఆ పని అతనిది. అతను పోయాక, వ్యాను అమ్మేసి ఇంట్లో కూర్చోమని సలహా చెప్పినవాళ్లు బోలెడుమంది. అమ్మొద్దన్నది ఆవిడ అన్నయ్య ఒక్కడే. ఊరి చివర మెకానిక్ షెడ్డు అతనిదే. వ్యాను తనే బాగుచేసి, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై రోజుల్లో డ్రైవింగ్ నేర్పాడు. అంతేనా? పొద్దు గుంకాక రోజూ మోపెడ్ మీద ఆ మలుపు దాకా వెళ్లి, రోడ్డు అంచున ఉన్న రాయి పక్కన నిండు నీళ్ల డబ్బా పెట్టి వస్తాడు. బావ దాహం తీరాలని. "ఉంటే అలాంటి అన్న ఉండాలి" అని ఊరంతా మెచ్చుకునేది.

మొగుడికో చాదస్తం ఉండేది. బండికి ఏ కొత్త భాగం వేసినా, దాని మీద ఓ మూల మేకుతో ఆనాటి తేదీ గీసేవాడు. ఎన్నాళ్లు పనిచేసిందో లెక్క తెలియాలట. "పెళ్లిరోజు గుర్తుండదు గానీ, బెల్టు వేసిన రోజు మాత్రం నిద్రలో లేపినా చెబుతారు" అని ఆవిడ వెక్కిరించేది. అతను పోవడానికి పది రోజుల ముందు కూడా అలాగే గీశాడు. పాత రేడియేటర్ కారుతోందని బావమరిది చేత మార్పించి, సంబరంగా తేదీ గీసుకున్నాడు. మార్చిన పదో రోజుకే బండి ఆగిపోయిందే అని తర్వాత ఆవిడ ఏడిస్తే, అన్నయ్యే కళ్లు తుడిచాడు.

"తప్పు బండిది కాదమ్మా... ఆ మలుపుది. అక్కడ ఎప్పట్నుంచో ఏదో ఉంది."

ఆవిడ నమ్మింది. తోడబుట్టినవాడిని నమ్మక ఇంకెవరిని నమ్ముతుంది?

ఆ ఏడు గడిచాక మళ్లీ కారడం మొదలైంది. తెల్లారి లేచేసరికి వ్యాను కింద గిన్నెడు నీళ్లు. షెడ్డుకి తీసుకెళ్తే అన్నయ్య వంగి చూసి పెదవి విరిచాడు.

"కొత్తది నీ తాహతుకి మించుతుంది చెల్లీ. అతుకేస్తే ఆర్నెల్లు ఆగదు. తుక్కు దుకాణంలో ఓ బండి విప్పుతున్నారు, దాని రేడియేటర్ నిక్షేపంలా ఉంది. సగం ధరకి ఇప్పిస్తా. నా కూలీ వద్దులే."

ఆవిడ కుట్టుమిషన్ అమ్మి డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. మూడో రోజుకి బానెట్ ఎత్తి చూపించాడు. నల్లగా, నిగనిగలాడుతోంది. చుక్క కారడంలేదు. 'మా అన్నయ్య ఉండగా నాకేం' అనుకుంటూ ఆవిడ ఇంటికొచ్చింది.

నాలుగు రోజులు గడిచాయి. మామూలుగా ఆవిడ ఆ మలుపు మిట్టమధ్యాహ్నమే దాటేస్తుంది, అదీ సగం సరుకుతో. ఆ రోజు బేకరీలో పొయ్యి మొరాయించింది. రొట్టెలు చేతికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రేపటి సరుకు కూడా ఇప్పుడే పట్టుకెళ్లమన్నారు. కాదంటే కొండ మీద రెండు దుకాణాలు ఇంకొకరిని చూసుకుంటామని ముందే బెదిరించి ఉన్నాయి. ఆవిడ మొగుడి పాత జర్కిన్ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, నిండా బరువుతో బయల్దేరింది.

మొదటి మలుపు... రెండో మలుపు...

వేడి చూపే ముల్లు మెల్లగా పైకి లేచింది. ఆవిడ దానివైపు చూడకూడదనుకుంది. చూసింది. ముల్లు ఇంకా పైకి పోయింది.

అప్పుడు వచ్చింది... సబ్బు వాసన.

అప్పుడే ఉతికిన చొక్కా వాసన. ముందు అద్దం నిండా తెల్లటి ఆవిరి కమ్ముకుంది. ఇంజను రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. బ్యాటరీ అయిపోతుందేమోనని లైట్లు ఆర్పింది. ఇక చీకటి... చీకట్లో ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీలుస్తున్నట్టు ఒకటే చప్పుడు... స్స్స్...

ఆవిడ పారిపోలేదు. దిగింది.

"ఏమండీ..." అంది గుసగుసగా. "మీరేనా?"

స్స్స్...

"దాహమా?"

తాగడానికి తెచ్చుకున్న సీసా మూత తీసి, సగం నీళ్లు నేలమీద వంపింది. మట్టి ఆ నీళ్లను చటుక్కున పీల్చేసింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. పోయేముందు ఒక్క గుక్క పోసే దిక్కు లేకుండా పోయాడు కదా, అదే ఆవిడ బాధ. ఇన్నాళ్లూ భయం కంటే ఎక్కువగా, ఒక్కసారి కనిపిస్తే బాగుండునన్న ఆశే ఆవిడని తినేసింది.

ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకున్నాక గానీ ఆవిడకో సంగతి తట్టలేదు. వాసన ఊట వైపునుంచి రావడంలేదు. రాయి వైపునుంచీ కాదు. బానెట్ లోంచి వస్తోంది.

ఆవిడ బానెట్ ఎత్తింది. సెల్‌ఫోన్ లైటు వేసింది. రేడియేటర్ కింది మూల తెల్లటి నురగ పొంగుతోంది... బట్టలు నానబెట్టిన బకెట్‌లో పొంగినట్టు. ఆవిరి కాస్త తగ్గేదాకా ఆగి, గుడ్డ చుట్టుకున్న వేలితో గోకింది. మెత్తగా ఊడి వచ్చింది. వాసన చూడక్కర్లేదు, ఇంట్లో రోజూ చేతిలో పట్టుకునేదే. చిల్లులో సబ్బు కూరి పైన రంగేశారు! చదును దారిలో అది బిగుసుకుని ఉంటుంది. బరువుతో ఎత్తు ఎక్కుతూ ఇంజను కాగితే, మూడో మలుపుకొచ్చేసరికి కరిగిపోతుంది. పైన పటారం, లోన లొటారం.

'తుక్కు దుకాణంవాడు అన్నయ్యని మోసం చేశాడు' అనుకుంది ముందు. పాపం, అప్పటికీ అలాగే అనుకుంది.

వేడికి నల్లరంగు బుడగలు బుడగలుగా లేచింది. ఓ బుడగ మీద గుడ్డ తగలగానే పెచ్చు ఊడింది. కింద ఏదో గీత. ఆవిడ లైటు దగ్గరికి పెట్టి మెల్లగా రుద్దింది. ఒక అంకె... ఇంకో అంకె... ఆరేళ్ల కిందటి తేదీ. ఏడుకి నడుము దగ్గర అడ్డగీత పెట్టే అలవాటు ఈ లోకంలో ఆవిడకి తెలిసి ఒక్కడికే ఉంది.

చెయ్యి ఆగలేదు. ఇంకా రుద్దింది. కాస్త పక్కన మీది రంగు మాత్రమే ఊడి, పాత రంగు పొర బయటపడింది. ఆ రంగుని చీల్చుకుంటూ మరో తేదీ. అదే మేకు, అదే చెయ్యి. అతను పోవడానికి సరిగ్గా పది రోజుల ముందుది.

కొత్తది వేయించుకున్నానన్న సంబరంతో, ఆ పాత రేడియేటర్ మీదే రెండోసారి తేదీ గీసుకున్నాడు పిచ్చి మనిషి. అంటే అప్పుడూ మార్చలేదు... ఇప్పుడూ మార్చలేదు. రెండుసార్లూ అదే సబ్బు, అదే రంగు. పాల బండి, ఇసుక లారీ, కుర్చీల బండి... అవన్నీ బాగుచేయించుకునేది ఏ షెడ్డులోనో ఆవిడకి గుర్తొచ్చింది. మలుపులో దెయ్యం ఉందని మొదట చెప్పిందెవరో కూడా గుర్తొచ్చింది. కంచే చేను మేసింది. మేసి, నేరం చచ్చినవాడి మీదకి తోసింది.

కింద మోపెడ్ చప్పుడు వినపడింది.

ఆవిడ ఫోన్ లైటు ఆర్పేసింది. మలుపు తిరిగిన వెలుతురు ముందు ఆవిరి మీద పడింది, తర్వాత ఆ వ్యాను మీద, తర్వాత ఆ జర్కిన్ మీద, ఆ టోపీ మీద. చెల్లెలు మధ్యాహ్నమే వెళ్లి వచ్చేసిందనుకున్నాడు అన్నయ్య. మోపెడ్ పక్కకి ఒరిగిపోయింది, లైటు ఆరింది. నీళ్ల డబ్బా మాత్రం గుండెలకి హత్తుకుని అక్కడే కూలబడ్డాడు.

"బావా..."

స్స్స్... అంది రేడియేటర్.

"బావా, రోజూ నీళ్లు తెస్తున్నాగా... ఇంకా ఎందుకు...?" డబ్బాని ముందుకి తోశాడు. "తప్పే. నువ్విచ్చిన డబ్బు వాడేసుకున్నా. నాలుగు రోజుల్లో మార్చేద్దామనే సబ్బు పెట్టా... నువ్వు అంత బరువేసుకుని ఎక్కుతావనుకోలేదు. దానిదీ వాడేసుకున్నా బావా... కుట్టుమిషన్ డబ్బు. సగం బరువే వేస్తుంది, పగలే వెళ్తుంది, దానికేం కాదనుకున్నా..."

ఆవిడ పళ్లు బిగించి వింటోంది.

అన్నయ్య రెండు చేతులూ జోడించాడు. ఏడుస్తూ అన్నాడు. "ఏ శిక్షయినా వెయ్యి. చెల్లికి మాత్రం చెప్పకు బావా..."

ఆవిరి చప్పుడు ఆగిపోయింది.

"ఆయన ఎలా చెబుతారు అన్నయ్యా?" అంది ఆవిడ. "ఆయనకి తెలియకుండానే పోయారుగా."

దెయ్యమనుకున్నప్పుడు కూర్చున్నచోటు నుంచి లేవనివాడు, చెల్లెలి గొంతు వినగానే లేచి పరుగు తీశాడు. మోపెడ్ వదిలేశాడు. డబ్బా వదిలేశాడు. చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి.

ఇంజను చల్లారాక, ఆవిడ ఆ డబ్బా నీళ్లే రేడియేటర్‌లో పోసుకుంది. కారేదానికి మించి పోసుకుంటూ, ఊట దగ్గర మళ్లీ నింపుకుంటూ, రొట్టెలు చేర్చి వచ్చింది. వారం తిరక్కుండా పక్క ఊళ్లో ముక్కూ మొహం తెలియని ముసలాయన దగ్గర, ఎదురుగా నిలబడి చిల్లుకి అతుకు వేయించుకుంది. ఆ అతుకు ఆర్నెల్లు దాటినా చెక్కు చెదరలేదు. పక్కనే మేకుతో తేదీ గీసుకుంది. ఏడుకి నడుము దగ్గర అడ్డగీత పెట్టి.

ఇప్పుడు ఆవిడ ఆ మలుపు ఏ వేళప్పుడైనా దాటుతుంది. డ్రైవర్లు కూడా ఆవిడ చెప్పాక షెడ్డు మార్చారు, భయం మానేశారు. అక్కడ దెయ్యం ఉందని ఇప్పటికీ నమ్మేవాడు ఒక్కడే మిగిలాడు. కొండ మీదికి పని పడితే, చుట్టూ తిరిగి పద్నాలుగు మైళ్లు ఎక్కువ పోతాడు... మధ్యాహ్నం పూట కూడా.