ఎమర్జెన్సీ కాంటాక్ట్: పిన్ని

రీసెర్చ్ సెంటర్ సెక్యూరిటీ ఇంజనీర్ లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు లేదు.

"సర్వర్ రూమ్ తలుపు బయట్నుంచైనా లోపల్నుంచైనా ఆ వేలికే తెరుచుకుంటుంది," ఫోన్లో అన్నాడు చీఫ్. "లోపల స్విచ్ నొక్కితే మంటలార్పే గ్యాస్ మీటింగ్ హాల్లోకి వస్తుంది. ఊపిరాడదు. పదింటికి ప్రారంభోత్సవం. కొత్తగా ఉద్యోగాలొచ్చిన మూడొందల మందీ అందులోనే ఉంటారు. మన కంపెనీ తమ దేశంలో అడుగుపెట్టకూడదని ఓ విదేశీ ముఠా పంతం."

"లోపల మనవాళ్ళు?"

"హెచ్.ఆర్. మేనేజర్. నువ్వెప్పుడూ చూళ్ళేదు. 'ప్రింటర్ దగ్గుతోంది' అంటుంది. 'సిరప్ పట్టండి' అను."

ఏజెంట్ నైన్ ఐడీ కార్డుల ఫొటోగ్రాఫర్‌గా లోపలికెళ్ళాడు. అతని కెమెరా ఫ్లాష్ ఏనుగుకైనా కళ్ళు బైర్లు కమ్మిస్తుంది. మామూలు ఫొటోలకి వేరే మీట ఉంది.

"అన్నా, కళ్ళు మూసేశాను. ఇంకోటి తియ్యవా? మొదటి ఉద్యోగం, అమ్మకి పంపాలి," అంది ఓ కొత్త ప్రోగ్రామర్, ట్యాగు మూడోసారి సర్దుకుంటూ.

"పెళ్ళిచూపుల ఫొటో కాదమ్మా," అంటూనే ఇంకోటి తీశాడు.

ఎర్ర బ్లేజరు, ముత్యాల దుద్దులు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. మేనేజర్ వచ్చింది.

"ప్రింటర్ దగ్గుతోంది."

"సిరప్ పట్టండి. మీ కార్డూ చేసేద్దాం మేడం. ఎమర్జెన్సీ కాంటాక్ట్?"

"మా పిన్ని. మేనమామ భార్య. అమ్మ పోయాక ఆవిడే పెంచింది."

నైన్ వేళ్ళు టైపింగ్ ఆపలేదు. మేనమామ భార్యని పిన్ని అనే పిల్ల మన ఇళ్ళలో పుట్టదు. అత్త అంటుంది. ఈమెకి భాష నేర్పినవాళ్ళు చుట్టరికాలు నేర్పలేదు.

పదికి నిమిషం ఉందనగా హాల్ తలుపులు మూసుకున్నాయి. ఆమె కారిడార్లోకి నడిచింది. నైన్ వెనకే వెళ్ళాడు. ఆమె రుమాల్లోంచి వేలు తీసి సర్వర్ రూమ్ తలుపుకి ఆనించింది, లోపలికి చెయ్యి చాచి స్విచ్ నొక్కింది.

"మేడం, ఒక్క ఫొటో."

ఫ్లాష్. వేలు జారి గడప బయట పడింది. ఆమె తూలి లోపల పడింది. తలుపు మూసుకుంది. గ్యాస్ వదలడానికి మిగిలిన సెకన్లు గోడమీద ఇరవై నుంచి దిగుతున్నాయి.

కారిడార్ గోడకి గ్యాస్ పైపు మీట ఉంది. అటు తిప్పితే గ్యాస్ హాల్లోకి, ఇటు తిప్పితే సర్వర్ రూమ్‌లోకి. నైన్ దానిమీద చెయ్యి వేశాడు.

"తలుపు తియ్యి. ముఠా పేర్లన్నీ ఇస్తాను," అందామె తలుపు అద్దం వెనకనుంచి.

"అసలు మేనేజర్ ఏది?"

"చెప్తే తీస్తావా?"

"చెప్పు."

"లిఫ్టు గుంటలో. నిన్నంతా బతికే ఉంది, పాపం."

నైన్ కిందపడ్డ వేలు ఏరి, దుమ్ము దులిపి, జేబులో వేసుకున్నాడు. అంకె ఒకటి దగ్గర ఉండగా మీట ఇటు తిప్పాడు.

ఆమె అద్దాన్ని చాలాసేపు కొట్టింది. హాల్లో చప్పట్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నానికి కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రకటన పడింది: హెచ్.ఆర్. మేనేజర్ కావలెను. వెంటనే చేరాలి. గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఆఫీసు.