ఫర్నేసు కాలనీలో పగలు

పొద్దున్నే అక్క టీ తాగుతూ, పాచికలను రంగుల వారీగా ఏరి డబ్బాల్లో వేస్తోంది. ముందుగది నిండా అట్టపెట్టెలు. ఆ ఇంట్లో తయారయ్యేవి కథ ఆటల పుస్తకాలు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. చెల్లెలు రాస్తుంది, అక్క ప్రచురిస్తుంది. ప్రెస్సుకు పంపే రోజు ఇంట్లోవాళ్ళంతా ఒకసారి ఆడి తీరాలన్నది వాళ్ళ పద్ధతి. ఇంట్లోవాళ్ళంటే ఇంకెవరు, అమ్మే.

"నన్ను మంత్రగత్తెను మాత్రం చెయ్యకండి. పోయినసారి ఇది నన్ను చంపేసింది," అంది అమ్మ, చిన్నదాని వైపు చూస్తూ.

"నేను చంపడమేంటమ్మా! నువ్వే పోయి డ్రాగన్ నోట్లో తల పెట్టావు."

"పెద్దదాన్ని, పలకరిస్తే బావుంటుందని వెళ్ళానే!"

చెల్లెలు నవ్వుతూ ప్రూఫు కాగితాలు తిప్పింది. నాలుగైదు పేజీలకే ఆ నవ్వు పోయింది.

ఆమె రాసింది తాము పుట్టిన కాలనీ గురించి. గాజు ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఉండేది. ఫర్నేసు ఎప్పుడూ ఆర్పరు. మగవాళ్ళు రాత్రంతా కరిగిన గాజును గొట్టాలతో ఊది పగలు పడుకుంటారు. అందుకని పగటిపూట కాలనీ అంతా గుసగుసగానే మాట్లాడుతుంది. ఆటలో పగలైతే బల్ల దగ్గరున్నవాళ్ళు కూడా గొంతు తగ్గించాలి. ఎవరు గట్టిగా మాట్లాడినా ఒక మనిషి నిద్ర చెడుతుంది. ఇప్పుడు ప్రూఫుల్లో కాలనీ లేదు. ఒక నగరం, ఒక కోట, కోట ముందు యోధులు ఉన్నారు.

"అక్కా, మన కాలనీ ఏది?"

"తీసేశాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే ఒప్పుకునేదానివా పిచ్చుకా? కోటైతే అందరికీ తెలుసు, కొన్నవాడు తనకు నచ్చినట్టు ఊహించుకుంటాడు. గాజు కాలనీ ఎవరిక్కావాలి? నీ కిందటి పుస్తకం పెట్టెలు ఇంకా నా మంచం కిందే ఉన్నాయి."

"కోటలు షాపు నిండా ఉన్నాయి. మనం ఇంకోటి వెయ్యడం సముద్రంలో ఉప్పు పొయ్యడమే."

"అయినా ఆ కాలనీ గురించి నీకేం తెలుసే? నాన్న పోయి, దాన్ని కూలగొట్టే నాటికి నీకు ఊహే తెలీదు."

"అందుకే రాశాను!" చెల్లెలు ప్రూఫులు బల్ల మీద పడేసింది. "నీకు నాన్న గుర్తున్నాడు, ఆ ఇల్లూ గుర్తుంది. నాకేదీ లేదు. పుస్తకంలోనైనా ఉండనివ్వవా? మధ్యాహ్నం ప్రెస్సాయన వచ్చి పట్టుకుపోతే ఇక అదీ ఉండదు!"

షాపులవాళ్ళ కోసమే తీసేశానని అక్క నిజంగానే నమ్మింది. కానీ కాలనీ పేజీలు కొట్టేస్తున్నప్పుడు తన చెయ్యి ఎక్కడా ఆగలేదని, ఒక్క వాక్యమూ తను పూర్తిగా చదవలేకపోయిందని ఇప్పుడు గుర్తొచ్చింది.

"ముందు ఆడండి. మీ పద్ధతేగా," అంది అమ్మ. "ఇది మొదట రాసిన కాలనీ ఆటే ఆడదాం."

చెల్లెలు తన కాగితాలు తెచ్చుకుని కళ్ళు తుడుచుకుంది. "ఇది పగలు," అంది, గొంతు తగ్గించి.

ముగ్గురి గొంతులూ తగ్గిపోయాయి. ఏళ్ళ తరబడి షాపులవాళ్ళతో, ప్రెస్సువాళ్ళతో గట్టిగా మాట్లాడి అలిసిన అక్క గొంతులో ఏదో బిగువు సడలింది. గుసగుస నోటికి దానంతటదే వచ్చేసింది.

"నువ్వు బడి నుంచి వచ్చిన పిల్లవి. ఎదురుగా తలుపు ఉంది. లోపల నాన్న పడుకున్నాడు. ఏం చేస్తావు?" అని చెల్లెలు అక్కను అడిగింది.

"తీస్తాను." బల్ల మీద చప్పుడవుతుందని అక్క పాచికను ఒళ్ళో వేసుకుంది.

చెల్లెలు వంగి చూసింది. "తెరుచుకుంది." ఆ తర్వాత ఏముందో కథ నడిపే ఆమే చెప్పాలి. కానీ ఆ గది ఆమెకు గుర్తులేదు. "ఏం కనిపిస్తోందక్కా?"

"గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి ఉంది. కాలిన అరచెయ్యి కదా, దుప్పటి తగిలితే మంట. బుగ్గలు..." అక్క తన బుగ్గలు ఉబ్బించి చూపింది. "నిద్రలో కూడా బుగ్గలు పూరిస్తున్నాడు, గాజు ఊదుతున్నట్టు."

"ఇది నాకెవరూ చెప్పలేదే."

"నేనెవరికీ చెప్పలేదు. రోజూ తలుపు తీసి చూసేదాన్ని. అమ్మకు తెలిస్తే తిడుతుందని..."

"తెలుసు," అంది అమ్మ, అంతే మెల్లగా. "ఆయన అప్పుడు నిద్రపోయేవాడు కాదే. నీ అడుగులు వినబడగానే గోడ వైపు తిరిగేవాడు. బుగ్గలు పూరించేది నవ్వాపుకోడానికే. 'పిల్ల నన్ను చూసి వెళ్ళాక పడుకుంటాలే' అనేవాడు."

అక్క కళ్ళలోంచి నీళ్ళు చప్పుడు లేకుండా జారాయి. కోట ఉన్న ప్రూఫులను తీసి కుర్చీ కింద పెట్టింది.

"ప్రెస్సాయనొస్తే వేరే రోజు రమ్మను."

"అమ్ముడుపోకపోతే?"

"నా మంచం కింద ఇంకా చోటుంది."

చెల్లెలు కాగితం మీదికి వంగింది. చెయ్యి, అరచెయ్యి, బుగ్గలు, ఒక్కొక్కటీ రాసుకుంటోంది. ఆటలో అక్క ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది.

"తలుపు వేసెయ్యనా?" అని అడిగింది.

"తొందరేముందక్కా," అంది చెల్లెలు. "ఇంకా పగలేగా."