సగం గోలి

అత్త కనకవ్వ పోసిపెట్టిన జొన్న అంబలి ఆ పొద్దు కూడా చేదుగానే ఉంది. కమలవ్వ రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టి, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టసాగింది. వారం రోజులుగా ఇదే వరస. నిన్న తన ఏడాది పిల్ల గిన్నెలోది కూడా రుచి చూసింది. అది కమ్మగానే ఉంది. చేదు తన గిన్నెలోనే ఉంది.

మగ్గం గుంతలో కూర్చుని ఆమె భర్త రామచంద్రం బట్ట నేస్తున్నాడు. మూడు నెలల కింద జిల్లా దవాఖానలో అతని రొమ్ముకు ఫోటో తీసి, క్షయ అన్నారు. వెనకటిలా చావనక్కర లేదు, ఇప్పుడు మందు వచ్చిందన్నారు. పేరు రాయించుకున్న మనిషికి నెలకు సరిపడా గోలీలు లెక్కగా ఇస్తారు. ఏడాది పాటు రోజూ మింగాలని, ఒక్కరోజు తప్పినా, మోతాదు తగ్గినా రోగం ముదిరి, ఆ మందుకు లొంగదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

కమలవ్వకూ దగ్గు మొదలై రెండు నెలలైంది. మగ్గం ఆడుతున్నంతసేపే ఆమె దగ్గేది. కొంగు నోట్లో కుక్కుకుని, నాడె అటూ ఇటూ పరుగెత్తి కొట్టుకునే చప్పుడులో దగ్గును కలిపేసేది. దారం తెగి అతను చెయ్యి ఆపితే, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేది. ఆ పనిలో ఆమెకొక నేర్పు వచ్చింది. ఆ నేర్పుకు ఒక్కోసారి గర్వం కూడా కలిగేది. అలా గర్వపడినందుకు తర్వాత భయం వేసేది.

వాడకట్టులో సాంబయ్య భార్య ఇట్లాగే దగ్గుతూ పుట్టింటికి పోయింది. మంచిగైనంక రమ్మని చెప్పి, అత్తగారు పసిపిల్లను ఇక్కడే ఉంచుకుంది. ఆమె తిరిగి రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు మారుతల్లిని అవ్వా అంటున్నది.

అత్తకు తన దగ్గు సంగతి తెలిసిందా? తెలిసి ఏ పొడో కలుపుతున్నదా? కనకవ్వ చెడ్డ మనిషి కాదని కమలవ్వకు తెలుసు. కానీ అనుమానం ఒకసారి లోపల కూర్చున్నాక, చూసినదల్లా దానికి సాక్ష్యమే అయింది. రాత్రి అత్త పిల్లను తన పక్కలో పడుకోబెట్టుకుంది. పొద్దున గిన్నె ఇస్తూ మొహం చూడలేదు.

కనకవ్వ వచ్చి, గిన్నెలో మిగిలిన అంబలి చూసి గొణిగింది. పాలిచ్చే తల్లి ఇట్లా తింటే పిల్లకేం మిగులుతుందని దెప్పింది.

“నా గిన్నెల ఏం కలుపుతున్నవ్ అత్తా?”

కనకవ్వకు మొదట అర్థం కాలేదు. “అంబలిల ఏం కలుపుతరే? ఉప్పు.”

“పిల్లను ఉంచుకొని నన్ను పంపాల్నంటె పంపు. గిట్ల మాత్రం జెయ్యకు.”

కనకవ్వ గిన్నె ఎత్తి నోట్లో పోసుకుంది. ఒక్క గుక్క మింగి, ఆ చేదుకు ఆగిపోయింది.

మగ్గం కూడా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కమలవ్వ ఊపిరి బిగబట్టింది, కానీ ఈసారి చేతకాలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కనకవ్వ గిన్నె పట్టుకుని చూస్తూ నిలబడింది.

“నేనే కలిపిన,” అన్నాడు రామచంద్రం గుంతలోంచి లేస్తూ.

వారం కింద మందు కోసం పోయినప్పుడు భార్య కోసం కూడా అడిగాడట. మనిషిని తీసుకురా, ఫోటో తీసినంకనే పేరు రాస్తం, గోలీలిస్తం అన్నారట. ఇద్దరూ పోతే రెండు రోజులు మగ్గం నిలుస్తుంది. బట్ట ఇంకొకసారి ఆలస్యమైతే నూలు ఇయ్యనని సిరిసిల్ల సేటు ముందే చెప్పాడు. అందుకే రోజూ గోలిని రెండు ముక్కలు చేసి, ఒకటి తాను మింగి, ఒకటి పొడి చేసి ఆమె గిన్నెలో వేస్తున్నాడు.

“నీకెట్ల తెల్సింది?” అంది కమలవ్వ.

“మగ్గం ఆపినప్పుడు నువ్వు ఊపిరి గూడ తీస్తలెవ్వు. మనిషి ఉన్నకాడ గంత సప్పుడు లేకుంట ఉండదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

“డాక్టరు జెప్పినప్పుడు నేను నీ పక్కనే ఉన్న,” అంది కనకవ్వ కొడుకుతో. “సగం సగం మింగి ఇద్దరు బతుకుదామనుకున్నవ్. ఇద్దరు పోతరురా.”

ఆమె లోపలికి పోయి, దండెం మీది కమలవ్వ చీర లాగి మూట కట్టసాగింది. ఇక తనను పుట్టింటికే పంపుతుందనుకుంది కమలవ్వ. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని రొమ్ముకు అదుముకుంది.

కనకవ్వ తన చీర కూడా మూటలో వేసింది. పిల్ల గౌన్లు వేసింది. ఉన్న రొట్టెలన్నీ కట్టింది. మగ్గం మీద గుడ్డ కప్పమని కొడుక్కు చెప్పింది. సేటు నూలు తీసుకపోతే తీసుకపోనీ అంది.

“ఇయ్యాల ఫోటో తియ్యకపోతె రేపు. రేపు గాకుంటె ఎల్లుండి. పేరు రాసెదాంక దవాఖాన అరుగు మీదనే పండుకుంటం.”

తర్వాత పిల్ల కోసం చేతులు చాపింది. కమలవ్వ గోడ దాకా వెనక్కి జరిగింది. ఆ అడుగు ఎందుకు పడిందో కనకవ్వకు అప్పుడు తెలిసింది. అంబలి గురించి పడ్డ నింద కన్నా అది లోతుగా దిగింది. కళ్లు నిండినా చేతులు దించలేదు.

“బస్సు రోడ్డు దాంక రెండు మైళ్లు, బిడ్డా. నువ్వు ఒట్టి చేతులతోని నడుసుడే కష్టం. గందాంకనే నేను ఎత్తుకుంట. బస్సెక్కంగనే నీ ఒళ్లె కూసోబెడ్త.”

కమలవ్వ చాలాసేపు ఆ చేతులనే చూసింది. తర్వాత తన మెడను చుట్టుకున్న చిన్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, పిల్లను ఇచ్చింది.