గుప్పెడు ఎక్కువ

"అత్తమ్మకు మతిమరుపు ఒచ్చినట్టుంది" అని సౌజన్య రెండో అంతస్తు బాల్కనీలో బట్టలారేస్తూ ఫోనులో భర్తతో అన్న మాట, కింద తులసి కుండీకి నీళ్ళు పోస్తున్న సీతామహాలక్ష్మి చెవిలో పడేసరికి "మతమార్పు" అయి కూర్చుంది. ఇందులో చెవి తప్పేమీ లేదు. ఆ సమయానికి సౌజన్య పళ్ళ మధ్య బట్టల క్లిప్పు ఉంది. పైగా కొత్తపేట సందులో చెత్తబండి తన పాట తాను పెట్టుకుని పోతోంది.

సీతామహాలక్ష్మిది భీమవరం. ఏ మాటనైనా పూర్తిగా వినేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. చెంబు అక్కడే పెట్టి ఇంట్లోకి పరుగెత్తింది.

"ఏవండోయ్! పైన కౌసల్యమ్మగారు మన మతంలోకి వచ్చేస్తున్నారంట!"

రిటైరైన బ్యాంకు ఉద్యోగి గంగాధరరావు పేపరు దించలేదు. "నీ చెవిలో సగం పడుతుంది, నోట్లోంచి ఒకటిన్నర వస్తుంది" అన్నాడు.

"కోడలే చెబుతోందండీ! అదీ వాళ్ళ లెంట్ రోజుల్లో!"

ఉప్మా ఉడికేలోపు ఆ సంగతి అపార్ట్‌మెంటంతా గుప్పుమంది. అసలు సంగతి మాత్రం గుప్పెడే.

లెంట్‌ని కౌసల్యమ్మ ఇంట్లో శ్రమల కాలం అంటారు, క్రైస్తవులు ఉపవాసముండి ఇష్టమైనదేదో ఒకటి మానుకునే రోజులు. భస్మ బుధవారం మొదలు ఈస్టర్ దాకా ఆ ఇంట్లో మాంసం ఉడకదు. రోజూ బియ్యం కడిగే ముందు, ఇంట్లో మనిషికో గుప్పెడు చొప్పున తీసి స్టీలు డబ్బాలో పోస్తారు. ఎవరి గుప్పెడు వాళ్ళ కంచంలోంచే తగ్గాలి. తగ్గకపోతే అది దానం గానీ శ్రమ కాదని కౌసల్యమ్మ అత్తగారు నల్గొండ పల్లెలో నేర్పిన పద్ధతి. శుక్రవారాల్లో ఒక్కో ఇంట్లో జరిగే ప్రార్థన కూడిక తమ వంతుకు వచ్చిన సాయంత్రం ఆ డబ్బా చర్చి పాస్టరుగారికి, అంటే వాళ్ళ మాటలో అయ్యగారికి ఇస్తారు. ఆయన దాన్ని లేనివాళ్ళ ఇళ్ళకు చేరుస్తాడు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురే. కౌసల్యమ్మ, కొడుకు ప్రసన్నకుమార్, కోడలు సౌజన్య. ఇంటి పెద్ద మట్టయ్య నిరుడు పోయాడు. బాప్తిస్మంలో ఆయన పేరు మత్తయి. ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన రోజు రాసుకున్నవాడి చేతిలో మట్టయ్య అయ్యాడు. ఆ పేరుతోనే ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల మధ్య జీవితమంతా బస్సు తిప్పి, ఆ పేరుతోనే మట్టిలో కలిశాడు.

ముగ్గురికి మూడు గుప్పెళ్ళు చాలు. కౌసల్యమ్మ నాలుగు పోస్తోంది. మామయ్య పోయిన సంగతి మరిచి ఆయన గుప్పెడు కూడా పోస్తోందేమోనని సౌజన్యకు దిగులు పట్టుకుంది. ఈ వారం నాలుగు కాస్తా అయిదైంది. దాంతో దిగులు భయమైంది.

పొద్దుటి బ్యాచ్ ముగించుకుని ప్రసన్నకుమార్ ఇంటికొచ్చాడు. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కల సారు. ఈ లెంట్‌కు చాయ్ మానేశాడు. చాయ్ మానేశాక ప్రసన్నత అతని పేరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"అయిదా? సరిగ్గ లెక్కపెట్టినవా?" అన్నాడు చెప్పులు విడుస్తూనే.

"లెక్కల సారు పెండ్లాన్ని. అయిదు దాక ఒస్తది నాకు."

"మొన్న నాలుగంటివి గద?"

"నాలుగోది మామయ్యకనుకున్న. గీ అయిదోది ఎవరికో సమజైతలేదు. గిది గాక అత్తమ్మ తినుడు సగం చేసింది. జర డాక్టర్‌కు చూపియ్యుండ్రి."

"ఇయ్యాలనే పోదాం. ఇగ నుంచి అమ్మను పొయ్యి కాడికి పోనియ్యకు. రైతుబజార్‌కు ఒక్కదాన్నే పంపకు. చర్చికి కూడ ఎవరన్న ఉంటెనే పోవాలె. తాళంచెవి నీ తాన పెట్టుకో."

వంటింట్లో కౌసల్యమ్మ చేతిలో చేట ఆగిపోయింది. పొయ్యి, రైతుబజారు, చర్చి. మొగుడు పోయాక ఆమె తిరిగే ఊళ్ళు ఆ మూడే. మూడింటికీ ఒక్కసారే దారి మూసేస్తున్నాడు కొడుకు. చేట పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"తాళం తలుపుకేస్తవా కొడుకా, నాకేస్తవా?"

"నీ మంచికే అమ్మా. నీకు యాది ఉంటలేదు."

"నాకా?" అంది కౌసల్యమ్మ. ఇంకేదో అనబోయి, పెదవి బిగించి లోపలికి వెళ్ళిపోయింది.

నరాల డాక్టరు ఉండేది విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ దగ్గర. మెమరీ చూపించుకోవడానికి మెమోరియల్ దగ్గరికే వచ్చామనుకుంటే సౌజన్యకు నవ్వొచ్చింది గానీ, భర్త మొహం చూసి దాన్ని మింగేసింది.

"అమ్మా, ఈ రోజు ఏ వారం?" అని మొదలుపెట్టాడు డాక్టరు.

"శుక్రారం. పొద్దుమీకి మా ఇంట్ల కూడిక ఉన్నది. జర జల్ది కానియ్యి సారూ."

"పొద్దున ఏం తిన్నారు?"

"ఏం తినలే. శుక్రారం ఉపాసం."

"మీ ఆయన ఎక్కడున్నారు?"

ప్రసన్నకుమార్ కుర్చీ అంచుకు జరిగాడు.

"పోయిండు సారూ. నిరుడు. గుండెతోని" అంది కౌసల్యమ్మ మామూలుగా.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

డాక్టరు సౌజన్య వైపు ఒకసారి చూసి, "మరి బియ్యం అయిదు గుప్పెళ్ళు తీస్తున్నారటగా?" అన్నాడు.

"గుప్పెడు ఇంట్ల ఉండేటోళ్ళకు కాదు సారూ. ఇంటోళ్ళకు."

"ఎవరమ్మా ఆ మిగతా ఇద్దరు?"

కౌసల్యమ్మ కొడుకును చూసింది. "చెప్పనని మాటిచ్చిన" అంది.

డాక్టరు కలం మూత పెట్టాడు. "మీ అమ్మగారి జ్ఞాపకానికి ఏ లోటూ లేదు. మనిషి మాత్రం నీరసంగా ఉన్నారు. కడుపునిండా తినమనండి. మిగతాది నా దగ్గర కాదు, ఇంట్లో మాట్లాడుకోండి."

ముగ్గురూ షేర్ ఆటోలో ఇంటికొచ్చారు. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర సీతామహాలక్ష్మి ఒక చేత్తో గుడి ప్రసాదం పళ్ళెం, ఇంకో చేత్తో తులసి మొక్క పట్టుకుని ఎదురైంది.

"వదినగారూ! ఈ వయసులో ఇంత ధైర్యం ఎంతమందికుంటుందండీ! మీకోసం నా కుండీలోంచి పిలక తీశాను."

కౌసల్యమ్మ పళ్ళెం వైపు చూడకుండా మొక్క అందుకుంది. "తులసాకు దగ్గుకు మంచిది. సాయంత్రం కూడికకు మీరిద్దరు రాండ్రి వదినా" అంది.

మొక్క తీసుకుంది! సీతామహాలక్ష్మికి ఉన్న పిసరంత అనుమానమూ తీరిపోయింది.

పైకి వచ్చి తలుపు మూయగానే ప్రసన్నకుమార్ తిరిగాడు. "ఎవరమ్మా ఆ ఇద్దరు?"

"నీకు తెల్వదా?"

ఒకరు తెలుసు. తెలుసు కాబట్టే కోపం వచ్చింది. చెల్లెలు సంతోషి ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా మహేందర్ అనే హిందూ అబ్బాయిని రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకుని ఎల్‌బీ నగర్‌లో కాపురం పెట్టింది. అతనికి అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మట్టయ్య పోయాడు. సమాధుల తోట నుంచి వచ్చిన రోజునే ప్రసన్నకుమార్ తల్లి దగ్గర మాట తీసుకున్నాడు, ఈ ఇంట్లో దాని పేరు ఎత్తకూడదని.

"నాయినను చంపింది అది! పేరెత్తనని మాటిచ్చినవ్ గదా?"

"ఎత్తిన్నా? ఇయ్యాల్టి దాక నా నోట్లకెళ్ళి ఆ పేరు ఒచ్చిందా?" కౌసల్యమ్మ గొంతు పెరగలేదు. "మాటిచ్చింది నోరు బిడ్డా. చెయ్యి కాదు. బియ్యంల పెట్టంగనే ఇది నా మాట ఇంటలేదు. నన్నేం చెయ్యమంటవ్?"

కౌసల్యమ్మ పొద్దుటి చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మీ నాయినకు పోస్తున్ననుకున్నరా? పోయినోళ్ళకు ఆకలుంటదా? ఆయన గుండె ఎన్నేండ్ల సందో అట్లనే ఉండె. నీకు చెప్పొద్దన్నడు, చెప్పలే. ఆయన పోయినంక నీకు ఎవరి మీదనో ఒకరి మీద ఏడ్వాల్నని ఉండె. ఆ పొల్ల మీద ఏడ్చినవ్."

"అమ్మా..."

"లెంటని చాయ్ మానేసినవ్. చాయ్ నీకేం అన్యాలం చేసింది కొడుకా?"

సౌజన్యకు అప్పుడు అర్థమైంది, అత్తమ్మ కంచంలో అన్నం ఎందుకు తగ్గుతోందో. ఇంట్లో లేనివాళ్ళ గుప్పెళ్ళు ఆమె తన కంచంలోంచి తీస్తోంది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాలుగోది సమజైంది అత్తమ్మా. మరి అయిదోది ఎవరిది?"

"దానికింక పేరు లేదు. పేరు లేదు గాబట్టి చెప్పొచ్చు." కౌసల్యమ్మ మొహంలోకి అంత బాధలోనూ ఒక వెలుగు వచ్చింది. "రైతుబజార్ల కూరగాయలమ్మే పెంటమ్మ చూసిందంట. పచ్చి మామిడికాయలు ఏరుకుంటున్నదంట. మనిషి నిండుగున్నదంట. నువ్వు మేనమామవైతున్నవ్ రా."

లెక్కల సారు లెక్క అందుకోవడానికి కాస్త సమయం పట్టింది. చేటలో మిగిలిన బియ్యం వైపు చూశాడు. తల్లి చేతి వైపు చూశాడు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అంత సన్నబడిందని రోజూ ఎదురుగా తిరుగుతున్నా అతను గమనించలేదు.

హెల్మెట్ తీసుకున్నాడు.

"ఏడికి?" అంది సౌజన్య.

"ఎల్‌బీ నగర్" అన్నాడు. గడప దాటాక మళ్ళీ తల లోపలికి పెట్టి, "అది తలుపు తీయకపోతే?" అని అడిగాడు.

"తీసేదాక నిలబడు" అంది తల్లి.

సాయంత్రానికి హాల్లో చాపలు పరిచారు. చర్చివాళ్ళు వచ్చారు, అయ్యగారు వచ్చారు. గంగాధరరావు దంపతులు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మొదటి పాట అయిపోయింది. కౌసల్యమ్మ కళ్ళు మూసుకోవలసిన చోటల్లా తలుపు వైపు తెరిచే ఉన్నాయి.

రెండో పాట మధ్యలో ప్రసన్నకుమార్ వచ్చాడు. వెనక సంతోషి, ఆ వెనక హెల్మెట్ రెండు చేతులా పట్టుకుని మహేందర్. పాట పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు గానీ రాగం తలోదారి పట్టింది.

"సంతోషీ" అంది కౌసల్యమ్మ. అంతే. ఏడాదిగా మూసిపెట్టిన పేరు బయటికొచ్చింది. "గడపల నిలబడకు. ఒట్టి మనిషివి కాదు. లోపటికి రా" అంది.

సంతోషి వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. మహేందర్ చెప్పుల దగ్గరే కూర్చున్నాడు.

ప్రార్థన అయ్యాక అయ్యగారు బియ్యం డబ్బా ఎత్తబోతూ, "ఈసారి బరువుందమ్మా!" అన్నారు. సీతామహాలక్ష్మి ఇక ఆగలేకపోయింది.

"అదేంటండీ పాస్టరుగారూ! వదినగారు మతం మారుతున్నారుగా? మళ్ళీ ఈ ప్రార్థనలేంటీ?"

అయ్యగారు డబ్బా కింద పెట్టారు. గంగాధరరావు నుదురు పట్టుకున్నాడు.

"ఎవరన్నరు ఆంటీ?" అంది సౌజన్య.

"నువ్వే కదమ్మా! పొద్దున బాల్కనీలో, ఫోనులో. మతమార్పు అనలా?"

సౌజన్య కాసేపు ఆలోచించి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనన్నది మతిమరుపు! నోట్ల క్లిప్పుండె ఆంటీ. నేనన్నదీ తప్పే. మతమార్పు లేదు, మతిమరుపు లేదు." తన అనుమానం దగ్గర మొదలుపెట్టి డాక్టరు దాకా అంతా చెప్పేసింది. "మా ముగ్గురికి మూడు గుప్పెళ్ళు, సంతోషికొకటి, కడుపుల బిడ్డకొకటి. గంతే."

సగంమంది నవ్వారు, సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. గంగాధరరావు మాత్రం వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. జీవితమంతా బ్యాంకులో గడిపినవాడు.

"అమ్మాయ్, కూడిక బాగానే జరిగింది గానీ కూడికలో తప్పుందే" అన్నాడు. "అల్లుడేడీ?"

మహేందర్ తల వంచుకుని హెల్మెట్ పట్టీ సవరించుకున్నాడు. కౌసల్యమ్మ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యి చూసినట్టు. నోరు మాటిచ్చినా చెయ్యి మరవలేదని కొడుకుకు చెప్పింది. ఆ చెయ్యి కూడా ఒకణ్ణి బయటే నిలబెట్టింది.

"పిల్లనిచ్చింది లేదు, పలకరించింది లేదు. కోపం నాకు కూడ ఉండె అన్నా" అంది మెల్లగా. లేవబోయింది.

అంతకు ముందే ప్రసన్నకుమార్ లేచాడు. వంటింట్లోకి వెళ్ళి పిడికిలి మూసుకుని వచ్చాడు. డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి తెరిచాడు. అతని చెయ్యి పెద్దది. బియ్యం అంచు దాటి చాప మీద చిందింది.

"ఇది నా కంచంల నుంచి" అన్నాడు. చెప్పుల దగ్గరికి నడిచి మహేందర్ చేతిలోని హెల్మెట్ అందుకున్నాడు. "లోపట కూర్చో బావా. లెక్క తప్పింది నేను."

సంతోషి వెక్కి వెక్కి ఏడ్చింది. సీతామహాలక్ష్మి ముక్కు చీదుకుంది గానీ, విషయం తేలకుండా లేచే మనిషి కాదు ఆమె.

"అయితే వదినగారూ, మతిమరుపు కాస్త ఉందన్నమాట!"

కౌసల్యమ్మ చాప మీద చిందిన బియ్యం ఏరి డబ్బాలో వేస్తోంది. తలెత్తి అల్లుడిని చూసి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉండె వదినా" అంది. "ఇప్పుడే పోయింది."