మాట ముగించేవాళ్ళు

ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, కింద గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఆడుకోవడం వాళ్ళకి ఏళ్ళ తరబడి అలవాటు. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు అది. నేల తవ్వి కట్టిన ఆ గదిలో గోడలకి ఆనించి పెద్ద పెద్ద అద్దం పలకలు, చెక్క పట్టీల కట్టలు, ఎప్పుడూ వదలని జిగురు వాసన. షాపు నడిపేది బుల్లి. ముప్పై అయిదేళ్ళు దాటినా ఇంట్లోవాళ్ళకి ఆమె బుల్లే. ఆ పేరు వింటేనే ఆమెకి ఒళ్ళు మంట.

ఆట ఏమంత కష్టం కాదు. బుల్లి కథ చెబుతుంది. మిగతా ముగ్గురూ ఆ కథలో వీరులు. అక్క మొగుడు కత్తివీరుడు, పశువుల డాక్టరమ్మ మంత్రగత్తె, పొడుగు అని అందరూ పిలిచే ఎలక్ట్రీషియన్ దొంగ. గుహల్లోకి దిగుతారు, పాచికలు వేస్తారు, రాక్షసుల్ని చంపుతారు.

చిక్కంతా బావతోనే. ఆయనకి తెలియని రాక్షసుడు లేడు.

"చీకటి. నేలంతా తడి. దూరంగా ఏదో ఒళ్ళు ఈడ్చుకుంటూ..." అని బుల్లి గొంతు తగ్గించి చెబుతుంటుంది.

"గుడ్డిపాము! చప్పుడుని బట్టి వస్తుంది. అటుపక్కకి రాయి విసరండి, అదే పోతుంది," అంటాడు బావ బిస్కెట్ నములుతూ.

వారమంతా కూర్చుని అల్లుకున్న కథ అక్కడికి సరి. ఎముకల సైన్యాన్ని తెచ్చింది. "సుత్తి తీయండి" అన్నాడు. బూజు మనుషుల్ని తెచ్చింది. "నిప్పు" అన్నాడు. పాతాళపు మరుగుజ్జుల్ని తెస్తే పేరు కూడా చెప్పనివ్వలేదు, "వెలుతురు" అని ఆవులించాడు.

ఆటలోనే అయితే సర్దుకుపోయేదేమో. ఆసుపత్రిలో ఉన్న అమ్మకి ఎలా ఉందని ఎవరైనా బుల్లిని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు జవాబు బావది. ఒకప్పుడు ఒక మంచి మనిషి ఇంటికొచ్చి, పెళ్ళి మాట ఎత్తి, ఆమె వైపు చూశాడు. "నాకు..." అంది బుల్లి, సిగ్గుతో ఒక్క క్షణం ఆగి. "ఇష్టం లేదండీ, దీని సంగతి నాకు తెలుసు" అని బావ తేల్చేశాడు. ఆమె చెప్పబోయింది అది కాదు. ఆ మనిషి మళ్ళీ రాలేదు.

ఈసారి పుస్తకాల్లో లేనిది కావాలనుకుంది బుల్లి. ఆయన పేరు పెట్టలేనిది. నేలకింద ఉండేది.

నేలకింద బతికిన మనిషి వాళ్ళింట్లో ఒక్కడే ఉన్నాడు. మేనమామ. గనిలో పని చేసి చేసి రిటైరయ్యాడు. ఆయన మాట తీరు చూసి పిల్లలంతా నవ్వుకునేవాళ్ళు. చివర రావాల్సిన మాట ముందే అనేస్తాడు.

"వచ్చావా నువ్వు? కూర్చో అక్కడ. పెడతాను టీ," అన్నాడు, ఆ సాయంత్రం బుల్లి వెళ్ళినప్పుడు కూడా.

"మావయ్యా, నువ్వెందుకలా మాట్లాడతావు?"

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. స్టవ్ ఆపేశాడు.

"ఉంటారు గోడ వెనక వాళ్ళు," అన్నాడు. "చూడలేదు ఎవరూ. తేలేది ఎక్కడ, మన మాటలో అవునో కాదో? చివర్లో. ఆగావా నువ్వు మధ్యలో, చెప్పేస్తారు ఆ చివర వాళ్ళు, అక్కడున్న ఎవరి గొంతుతోనైనా. జరుగుతుంది వాళ్ళు చెప్పిందే."

"అంటే?"

"అన్నాడు నా జతగాడు, 'నేను పైకి' అని. వచ్చింది దగ్గు వాడికి. 'రాను' అంది గోడ. వాడి గొంతుతోనే."

"తరవాత?"

"రాలేదు."

బుల్లికి ఒళ్ళు జలదరించింది. ఆ వెనకే సంతోషం కూడా. ఇదే కావాలి. కత్తికి తెగదు, నిప్పుకి కాలదు. మాటలకి అడ్డుపడేవాడికి ఇంతకంటే తగిన శత్రువు ఇంకెక్కడ దొరుకుతాడు? ఆటలో పెడతానని చెప్పింది.

ముసలాయన చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాడు. "పెట్టకు! తవ్విన నేలే నీ షాపు గది కూడా! పోయిందా బుద్ధి నీకు?"

"నువ్వు కూడా నా నోరు నొక్కుతావా?" అని అరిచి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చేసింది.

ఆదివారం వాన పట్టుకుంది. ఆట మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. పొడుగు తన పని సంచిలోంచి లైటు తీసి బల్లమీద పెట్టాడు. అద్దం పలకల్లో నాలుగైదు లైట్లు వెలిగాయి. మెట్లమీదినుంచి తడిమట్టి వాసన, జిగురు వాసనతో కలిసి గొంతులో పట్టేసింది.

"గుహలో ఏమీ లేదు," అంది బుల్లి.

"గాలి భూతమా?" అన్నాడు బావ.

"కాదు."

"అయితే నీడలు."

"కాదు." ఆయన ముఖం చిన్నబోవడం చూస్తుంటే ఆమె కడుపులో మంట కాస్త చల్లారింది. గొంతు తగ్గించి, ఊరిస్తూ చెప్పింది. "ఎదురుగా రాతిగోడ. మీరు ముగ్గురూ ఆ గోడ దగ్గరికి..."

"వచ్చేశారు."

బుల్లికి మండిపోయింది. "బావా! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నన్ను పూర్తిగా చెప్పనివ్వరా?"

బావ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆయన నోటినిండా బిస్కెట్లే.

"మీ గొంతే కదండీ," అంది డాక్టరమ్మ.

పొడుగు నవ్వాడు. "భలే! స్పీకరు ఎక్కడ దాచావ్?"

"నేనేం దాచలేదు."

ఎవరూ నమ్మలేదు. బావ గబగబా నమిలి మింగి లేచాడు. ఎన్నాళ్ళకో తెలియని రాక్షసుడు దొరికాడని ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. నేరుగా అద్దం పలకల దగ్గరికి వెళ్ళి వాటి వెనక చెయ్యి పెట్టాడు.

"దీని కిటుకేంటో చిటికెలో నేను..."

"కనిపెట్టలేను."

చెక్క కాదు, అద్దం కాదు. ఆ వెనక ఉన్న గోడ అంది. బావ గొంతుతో.

బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎవడ్రా అది? ఇక్కడ నేను..."

"లేను."

వాన చప్పుడు ఆగిపోయింది. ఆగిందో, వినిపించడం మానేసిందో... పొడుగు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

"మనం పైకి..." అంటూ డాక్టరమ్మ లేవబోయింది. బుల్లి ఒక్క ఉదుటున ఆమె నోరు మూసింది.

"ఆగద్దు. మధ్యలో ఆగద్దు," అంది ఆమె చెవిలో. "చివరిమాట ముందు అనండి. వెళ్తాం. మనం. పైకి."

"వెళ్తాం... మనం... పైకి," అంది డాక్టరమ్మ.

గోడ ఏమీ అనలేదు.

"వెళ్తాను నేను," అని పొడుగు గొణిగి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. లైటు బల్లమీదే ఉండిపోయింది.

బావ మాత్రం కదల్లేదు. నోరు తెరిచే ఉంది. మాట వెతుక్కుంటున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి మాట దొరకలేదు.

"మరదలా..." అన్నాడు మెల్లిగా. "నేను పైకి..."

ఆగిపోయాడు. ఆమె వైపు చూశాడు. చెప్పమని. ఆ ఒక్క మాటా తన బదులు ఆమెనే చెప్పమని.

చెప్పొచ్చు. నాలుక మీదే ఉంది. కానీ ఆ కళ్ళు చూడగానే ఆసుపత్రి గుర్తొచ్చింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న ఆ మంచి మనిషి వీపు గుర్తొచ్చింది. ఇప్పుడు తెలిసిందా, అనుకుంది. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా...

ఒక్క గుక్క ఊపిరంత సేపు. అంతే.

"వస్తాను!" అని అరిచింది.

"రాను," అంది గోడ.

రెండు మాటలూ కలిసే వచ్చాయి. ఏది ముందో ఆమెకి తెలియలేదు.

ఆయన చొక్కా పట్టుకుని ఈడ్చింది. వచ్చాడు. బరువుగా, గోనెసంచిలా మెట్లెక్కాడు. పైన వాన కురుస్తూనే ఉంది. పొడుగు షట్టరు పైకి లేపితే పగటి వెలుతురు లోపలికొచ్చింది. ముగ్గురూ ఏడ్చినంత పని చేశారు. బావ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

బుల్లి కింద గదికి తాళం వేసింది. మళ్ళీ తీయలేదు.

తరవాత కొన్నాళ్ళకి అక్క ఫోన్ చేసి విరుచుకుపడింది.

"ఏం చేశావే మా ఆయన్ని? ఎవరి మాటకీ అడ్డు రాడు. తిట్టినా తల ఊపుతాడు. ఆ దిక్కుమాలిన ఆటలో ఏం చెప్పి బెదరగొట్టావు?"

"ఆయన ఇన్నేళ్ళూ నా నోరు మూయిస్తే నీకు కనబడలేదు! ఇప్పుడు ఆయన మూసుకునేసరికి పొడుచుకొచ్చిందా?" అని బుల్లి కూడా అరిచింది. అరిచి, ఫోన్ పెట్టేసి, చూడకుండా ఉండలేక అదే సాయంత్రం వానలో తడుస్తూ వెళ్ళింది.

బావ హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. ఆమెని చూసి నవ్వాడు.

"రా మరదలా. నేను బాగానే..."

పెదాలు మూశాడు.

"ఉన్నాను," అని వినిపించింది.

ఆయన గొంతే. ఆయన దగ్గర్నుంచే. కానీ పెదాలు మాత్రం కదల్లేదు... మూసిన నోటితో ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు.

బుల్లి వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి వచ్చి పడింది. అక్క అటు తిరిగి, కోపంతో గిన్నెలు విసిరేస్తోంది. అరిచి అరిచి గొంతెండినట్టుంది, కుండలోంచి నీళ్ళు ముంచుకుంది.

"తుడుచుకో ముందు. ఈ వాన తగ్గాక నువ్వు ఇంటికి..." అంటూ గ్లాసు ఎత్తింది.

"వెళ్ళవు," హాల్లోంచి అంది అక్క గొంతు.

అక్క ఇంకా గటగటా నీళ్ళు తాగుతూనే ఉంది.