కబడ్డీ టీంకి కొబ్బరినూనె

పాల్వంచలో మా వీధి నల్లాకు ఒక అలవాటుంది. నిద్రలో ఉంటే వస్తుంది, బిందె పట్టుకుని నిలబడితే పోతుంది. అందుకని మా ఇంట్లో ఖాళీ గిన్నె అనేది కనబడదు. డ్రమ్ములు, బకెట్లు, టీ ఫ్లాస్కు, అమ్మ పెళ్లికి చదివించిన ఇడ్లీ కుక్కరు, అన్నిట్లోనూ నీళ్లే. పెద్ద డ్రమ్ముకైతే మా నాన్న వెంకటనారాయణ గారు తాళం కూడా వేస్తారు. దొంగల భయం కాదు. నేను రెండుసార్లు మొహం కడుక్కుంటానని అనుమానం.

నా పేరు చైతన్య. మా ఇంటి వెనక గవర్నమెంటు హైస్కూల్లో మ్యాథ్స్ చెబుతాను. మధ్యలో ఒక్క గోడే. ఆ గోడ అవతల గ్రౌండ్లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే పీఈటీ మేడం పేరు హేమ్లి. ములకలపల్లి దగ్గర తండా వాళ్లది. ఆమె స్కూల్లో చేరిన వారానికే నా క్లాసు కిటికీ దగ్గరికొచ్చి విజిల్ ఊదింది.

"సార్, నా కెప్టెన్ ఆఫియాను ఇడువుర్రి."

"త్రికోణమితి జరుగుతోంది మేడం."

"గది రేపు గూడ ఉంటది. గ్రౌండ్ల ఎండ పోతది."

ఆఫియా వెళ్లిపోయింది. త్రికోణమితి నిజంగానే మర్నాడు కూడా ఉంది. నా మనసే లేదు, అది గ్రౌండ్లో ఉంది.

ఈ ఏడాది జిల్లా పోటీల్లో గెలవకపోతే ఆటల పీరియడ్ కూడా టెన్త్ స్పెషల్ క్లాసులకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు గారు ప్రకటించారు. సరిగ్గా ఆ రోజే నేను స్టాఫ్‌రూంలో ధైర్యం చేశాను. సమయం చూసి మాట్లాడటం మా వంశంలో లేదు.

"మేడం, ఒక పర్సనల్ మాట."

"పెండ్లి ముచ్చటనా?"

టీ మింగడం మర్చిపోయాను.

"మీ మొకం జూస్తె తెల్వదా సార్. పిల్లలు జిల్లా గెలవాలె. గప్పటిదాక నాకు ఇంకో ముచ్చట లేదు. గెలిచినంక అడుగుర్రి, జవాబు చెప్త."

"ఓడితే?"

"ఓడుడు లేదు."

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం గోడ మీద గడ్డం ఆనించి కబడ్డీ చూశాను. హేమ్లి పిల్లలతో పాటు తనూ పడేది, లేచేది, మోచేతికి అంటిన మట్టి దులుపుకుని "మల్ల" అనేది. అది తప్ప ఇంకో మాట రాదేమో అనిపించేది.

ఫైనల్ మా గ్రౌండ్లోనే, పినపాక టీంతో. డిసెంబరు చలి. స్కూలు బాత్రూంకి గొళ్లెం లేదు కనక పిల్లలు జెర్సీలు వేసుకోవడానికి మా ఇంటికి వచ్చారు. హేమ్లీ నేనూ సున్నంతో గీతలు వేస్తున్నాం. మా ఇంట్లో ఏం జరుగుతోందో మాకు తెలియదు.

మా అమ్మ ఆదెమ్మ గారికి లోకంలో ఒకటే భయం: నలుగురూ ఏమనుకుంటారో అని. పిల్లల మోకాళ్లు చూస్తే చలికి పగిలి తెల్లగా ఉన్నాయి. కొబ్బరినూనె డబ్బా పొద్దున్నే ఎండలో పెట్టి కరిగించి ఉంది. ఇంకేం, టీం మొత్తాన్ని వరసలో నిలబెట్టి చేతులకూ కాళ్లకూ పట్టించింది.

పిల్లలు మెరిసిపోతూ గ్రౌండ్లోకి వచ్చారు. రిఫరీ బొజ్జయ్య సారు ఆఫియా భుజం మీద వేలు పెట్టారు. వేలు మణికట్టు దాకా దానంతటదే వెళ్లింది.

"ఏందమ్మా గిది?"

"కొబ్బరినూనె సార్. ఆదెమ్మ ఆంటీ పెట్టింది."

"మేడం, ఒంటికి నూనె ఉంటే ఆడనియ్య. పట్టుకుంటే జారిపోతరు. మగపిల్లల ఫైనల్ ముందు పెడ్త, గది అయ్యేలోపు కడుక్కొని రావాలె. లేకుంటే పినపాక గెలిచినట్టే."

హేమ్లి నా వైపు చూసింది. ప్రేమకథల్లో చూపుల గురించి చాలా రాస్తారు. ఈ రకం చూపు గురించి ఎందుకు రాయరో నాకప్పుడు అర్థమైంది.

"మీ అమ్మనా?"

"మా అమ్మే."

స్కూలు నల్లా తిప్పితే గాలి వచ్చింది.

"మీ ఇంట్ల నీళ్లున్నయా సార్?"

మా ఇంటి గురించి మొదటిసారి గర్వపడ్డాను.

నాన్న డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డారు. "అంత నీళ్లూ కాలవలో పోస్తారా? రేపు నల్లా రాకపోతే ఎవడిది పూచీ?"

"తాళం తియ్యుర్రి సార్," అంది హేమ్లి. "తియ్యకుంటే డ్రమ్ము ఎత్తుకపోత. నేను గూడ కబడ్డీ ఆడినదాన్నే."

నాన్న ఆమె భుజాలు చూశారు, డ్రమ్ము చూశారు, తాళం తీశారు.

అమ్మ తలుపు చాటున కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగు దోపుకుని శనగపిండి డబ్బాతో వచ్చింది. "నేనే పూశాను, నేనే వదిలిస్తాను."

అమ్మా హేమ్లీ పెరట్లో బండ మీద పక్కపక్కనే కూర్చుని పిల్లల కాళ్లూ చేతులూ రుద్దడం మొదలుపెట్టారు.

"ఆంటీ, మోకాలెనుక గట్టిగ."

"రుద్దుతున్నా తల్లీ. నీ మోచెయ్యి కూడా ఎట్లా పగిలిందో చూడు. కాస్త నూనె..."

"ఆంటీ."

"సరే, సరే."

నేను బకెట్లు మోశాను. చివరి కాలుకు ఇడ్లీ కుక్కరు కూడా ఖాళీ అయింది.

బొజ్జయ్య సారు తెల్ల రుమాలుతో ఒక్కొక్కరి చెయ్యీ తుడిచి చూసి తలూపారు.

చివరి రెయిడుకు స్కోరు సమానం. ఆఫియా వెళ్లి ఒకమ్మాయిని తాకి తిరిగేలోపు ముగ్గురు మీద పడ్డారు. నూనె ఉంటే సులువుగా జారిపోయేది. లేదు కాబట్టి ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీతను వేలి కొసతో అందుకుంది. హేమ్లి విజిల్ కొరికేసింది.

జనం పలచబడ్డాక వెళ్లాను.

"గెలిచాం మేడం."

"అవ్."

"అడగమన్నారు."

"అడుగుర్రి."

ఎన్నో రోజులుగా అద్దం ముందు చెప్పుకున్న వాక్యంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "మా ఇంట్లో నీళ్లకి ఇబ్బంది ఉండదు," అన్నాను.

నవ్వింది. సున్నం అంటిన చేత్తో నవ్వు దాచుకుంది. "కిందగూసోని నా పిల్లల కాళ్లు కడిగింది మీ అమ్మ. గసుంటి ఇంటికి రావచ్చు. మా నాయనతోని మాట్లాడుర్రి. ఒక్కటే షరతు. గా నూనె డబ్బా నా టీం దిక్కు రావొద్దు."

వాళ్ల నాయన ఒప్పుకున్నాడు. మా నాన్న ఆశీర్వదించే మాటలు చేతకాక డ్రమ్ము రెండో తాళంచెవి హేమ్లికి ఇచ్చారు. నాకింతవరకూ ఇవ్వలేదు.

ఇక కథ సుఖాంతం కావాలి. కానీ ఈ రోజు రాష్ట్ర పోటీలకు బస్సు, టీంకి తోడుగా నేనూ వెళ్తున్నాను. పొద్దున అమ్మ నా బ్యాగులో తువ్వాలు కింద నూనె డబ్బా పెట్టింది.

"వద్దే అమ్మా."

"నూనె పెట్టిన రోజే కదరా గెలిచారు. సెంటిమెంటు. ఒక్క చుక్క, పాదాలకి. ఆ పిల్లకి చెప్పకు."

ఇప్పుడు హేమ్లి బస్సు మెట్టు మీద నిలబడి ఒక్కో బ్యాగూ విప్పించి చూస్తోంది. "డబ్బా బస్సెక్కిందంటే మీరు దిగుడే," అని నిన్ననే చెప్పింది. గేటు దగ్గర అమ్మ చెయ్యి ఊపుతూ నా బ్యాగు వంకే చూస్తోంది. తీసి ఇచ్చేస్తే అమ్మ పోటీలయ్యేదాకా ఏడుస్తుంది, ఓడిపోతే పాపం నాదవుతుంది. ఉంచుకుంటే పెళ్లి లేదు.

నా ముందు ఇద్దరే ఉన్నారు. మీలో పెళ్లయినవాళ్లు ఎవరైనా ఉంటే, దండం పెడతా, ఏం చెయ్యాలో జల్దీ చెప్పండి.