నాలుగు మార్కులు తక్కువ

“టెన్త్ ఏ సంవత్సరం?”

కూతుర్ని ఇమ్మని అడగడానికి వచ్చిన కుర్రాడికి వెంకటరామయ్య గారు వేసిన మొదటి ప్రశ్న అదే. జీతం అడగలేదు, కులం అడగలేదు. లెక్కల మాస్టారుగా రిటైరైనా ఆయన గొంతు ఇంకా క్లాసులోనే ఉంది.

రవిచంద్ర గీతిక వైపు చూశాడు. ఫిల్మ్ నగర్ ఎడిటింగ్ రూములో రోజంతా పక్కన కూర్చుని కీచులాడే పిల్ల, శ్రీనగర్ కాలనీలోని తన ఇంట్లో మాత్రం తలుపు పట్టుకుని బిక్కచచ్చి నిలబడింది.

“కరోనా బ్యాచ్ సర్. పదికి పది.”

“రాయకుండానా?”

“రాయకుండనే.”

“బాగుంది! అప్పుడు రాయనివాడూ పాసే, ఇప్పుడు కలం పట్టినవాడల్లా పాసే. ఇంక మార్కులకి విలువేముంది?”

“నాన్నా, అది అతని తప్పా?” గీతికకి కోపం వచ్చింది.

“సర్ చెప్పింది నిజమే గీతికా,” అన్నాడు రవిచంద్ర. “మా అమ్మ బోరబండల అందరికీ స్వీట్లు పంచింది. నాకైతే సిగ్గయింది. ఆ పది నాదో కాదో ఇప్పటికీ తెల్వదు. ఒక లెక్కల పేపర్ ఇయ్యండి సర్, గీడనే కూసొని రాస్త.”

ఆయన నిజంగానే ఇచ్చారు. బయట వాన మొదలైంది. గీతిక కాఫీ బల్ల మీద పెట్టి, “ట్రిగనామెట్రీ వదిలెయ్, నీ వల్ల కాదు,” అని గొణిగింది.

“ఏం చెప్పకు, కాపీ అయితది,” అన్నాడు తలెత్తకుండా.

మాస్టారు దిద్దారు. ముప్పై ఒకటి. పాసుకి ముప్పై ఐదు రావాలి.

కూతురి కళ్ళలో నీళ్ళు చూసి ఆయన మళ్ళీ మొదటి పేజీ తిప్పారు.

“ఈ లెక్కలో స్టెప్పులు కరెక్టే. ఓ నాలుగు వెయ్యొచ్చు...”

“వద్దు సర్. మళ్ల అదే అయితది. వచ్చే ఆదివారం ఇంకోసారి రాస్త.”

“నాలుగు మార్కులే కదా, వేయించుకోవచ్చుగా!” గీతిక ఏడ్చేసింది.

“అట్ల పాసై నిన్ను చేసుకుంటే, నీ ముఖం ఎట్ల చూడాలె?”

మాస్టారు మార్కులు వెయ్యమని బతిమాలినవాళ్ళని ఎందరినో చూశారు. వద్దన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు. ముప్పై ఒకటి కింద ఎర్ర పెన్నుతో ఫెయిల్ అని రాసి, కాగితం అతని చేతికిచ్చారు.

“పేపరు ఫెయిలే. పిల్లనిస్తాను. ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా.”

“పెన్ను కూడా తెచ్చుకుంట సర్,” అన్నాడు రవిచంద్ర.